చెల్లెళ్ళు ‘మాఫ్’ అన్నారు, ఆ ఇంట్లో నా నమాజు చెల్లుతుందా?

అస్సలాము అలైకుమ్ సోదరా.

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందుగా తిరిగి చెబుతాను, పొరపాటు ఉంటే సరిదిద్దండి. మీది రాజంపేట దగ్గర పల్లె, మీరు కువైట్‌లో పని చేస్తున్నారు. రెండేళ్ళ క్రితం మీ నాన్నగారు పక్షవాతంతో మూడు నెలలు మంచాన ఉండి మరణించారు. అప్పటికి ఉన్నవారు మీ అమ్మగారు, మీ అన్నగారు, మీరు, ముగ్గురు అక్కచెల్లెళ్ళు. నాన్నగారు పోయిన ఏడాదికి మీ పెద్దక్క కూడా మరణించారు. ఆమెకు భర్త, ఇంకా మైనారిటీ తీరని ఒక కొడుకు, ఒక కూతురు ఉన్నారు. ఆస్తి అంటే ఒక ఇల్లు, దాని ముందున్న అంగడి గది, మూడెకరాల పొలం, బ్యాంకులో డిపాజిట్. ఇంటి పై అంతస్తు నాన్నగారు బతికి ఉండగా మీ సంపాదనతో కట్టించారు. కింది అంతస్తు నాన్నగారు నోటిమాటగా తనకే ఇచ్చేశారని మీ అన్నగారు అంటున్నారు. అక్కచెల్లెళ్ళకు పెళ్ళిళ్ళలో జహేజ్ (కట్నకానుకలు) ఇచ్చాం కాబట్టి వాళ్ళకు వాటా లేదని, జియారత్ (చనిపోయిన తర్వాత జరిపే ప్రార్థనల) నాడు వాళ్ళే అందరి ముందు ‘మాఫ్’ (వాటా వదిలేశాం) అన్నారని కూడా చెబుతున్నారు. సెలవులో ఇంటికి వెళ్ళినప్పుడు ఆ ఇంట్లో నిలబడి నమాజు చేస్తుంటే మనసు కుదురుగా ఉండటం లేదని, అది చెల్లుతుందా లేదా అని, నాన్నగారికి తప్పిపోయిన నమాజుల కోసం ఏం చేయాలని మీరు అడిగారు.

సూటిగా జవాబు ఇది. ఆ ఇంట్లో మీ నమాజు చెల్లుతుంది, చేసిన వాటిని మళ్ళీ చేయనక్కరలేదు. కానీ అక్కచెల్లెళ్ళ ‘మాఫ్’ చెల్లదు. జహేజ్ వాటాకు బదులు కాదు. నాన్నగారి నోటిమాట, మీరు రాసిన వివరాల ప్రకారం, హిబాగా (బతికి ఉండగా ఇచ్చిన దానంగా) నిలిచేటట్టు లేదు. ఈ జవాబు హనఫీ శాఖ ఫిఖ్ (ఇస్లామీ ధర్మశాస్త్రం) ప్రకారం, మన ప్రాంతంలో ఎక్కువమంది పాటించేది అదే కనుక. షియా కుటుంబాల వారసత్వ నియమాలు కొన్నిచోట్ల వేరుగా ఉంటాయి. ముప్పై ఏళ్ళుగా ఫరాయిజ్ (వారసత్వ వాటాల) లెక్కలు కట్టడం, పంపకం కాగితాలు రాయించడం నా పనిలో భాగం కనుక ఒక్కొక్కటిగా కారణాలు చెబుతాను.

నమాజు విషయం ముందు తేల్చుకుందాం. పరుల స్థలాన్ని దౌర్జన్యంగా ఆక్రమించి అందులో నమాజు చేసినా ఫర్జు (తప్పనిసరి విధి) నెరవేరుతుందని, ఆక్రమించిన పాపం మాత్రం మెడకు ఉంటుందని అత్యధిక పండితులు చెప్పారు. హంబలీ మజ్‌హబ్‌లో (శాఖలో) ప్రసిద్ధమైన అభిప్రాయం మాత్రం ఆ నమాజే చెల్లదని. మీ పరిస్థితి అసలు అంతదాకా పోదు, ఎందుకంటే మీరు ఆ ఇంటికి పరాయివారు కారు, వాటాదారులు. మీ అమ్మగారూ అంతే. ఆమె జుహర్ (మధ్యాహ్న నమాజు) అయినా తహజ్జుద్ (రాత్రి ఐచ్ఛిక నమాజు) అయినా నిశ్చింతగా చేసుకోవచ్చని ఆమెకు చెప్పండి. పెద్దవయసులో ఆ దిగులు ఆమెకు వద్దు. మీ మనసు కుదురుగా లేకపోవడం నమాజులో లోపం వల్ల వచ్చింది కాదు, చేతిలో మిగిలిపోయిన ఇతరుల హక్కు వల్ల వచ్చింది. జానెడు నేలను అన్యాయంగా తీసుకున్నవాడి మెడకు ప్రళయదినాన ఏడు భూముల పొర చుట్టబడుతుందని ప్రవక్త (స) హెచ్చరించిన హదీసు (ఆయన మాటల ఉల్లేఖనం) బుఖారీ, ముస్లిం అనే రెండు సంకలనాల్లోనూ ఉంది. ఆ హెచ్చరికకు సమాధానం నమాజును తిరిగి చేయడం కాదు, నేలను తిరిగి ఇవ్వడం.

ఇక ‘మాఫ్’ సంగతి. దీని మీద కొంచెం ఎక్కువగా రాస్తాను, ఎందుకంటే నా దగ్గరకు వచ్చే పది కుటుంబాల్లో ఏడెనిమిదింటిలో తగువు ఇక్కడే ఉంటుంది. జియారత్ నాడు ఇల్లంతా బంధువులు, ఒక పక్క బిర్యానీ దేగ్షాలు దించుతుంటారు, లోపలి గదిలో ఆడవాళ్ళ ఏడుపు ఇంకా ఆగదు. అప్పుడు ఎవరో పెద్దమనిషి తలుపు దగ్గర నిలబడి, “ఏమ్మా, మీకేమైనా కావాలా, అన్నదమ్ములకు మాఫ్ చేశారు కదా?” అని అడుగుతాడు. దుపట్టాతో ముఖం కప్పుకున్న ఆడబిడ్డ తల అడ్డంగా ఊపుతుంది, లేదా “మాకేం వద్దు భయ్యా” అంటుంది. రేపు పుట్టింటికి వస్తే తలుపు తీసేవాళ్ళు కావాలి కదా, ఇంకేమంటుంది? దీన్ని మనం సమ్మతి అని పిలుస్తున్నాం.

మనస్ఫూర్తిగానే అన్నారనుకున్నా ఫిఖ్‌లో అది సరిపోదు. అప్పును మాఫ్ చేయవచ్చు. మీరు నాకు పదివేలు బాకీ ఉంటే ‘వదిలేశాను’ అని నేనంటే బాకీ తీరిపోతుంది. కానీ ఇల్లు, పొలం, బంగారం వంటి ఎదుట ఉన్న ఆస్తిని ‘మాఫ్’ అనే మాటతో వదులుకోవడం కుదరదు; దాన్ని ఇవ్వాలి, ఇవ్వాలంటే ముందు తన వాటా ఏదో విడదీసి తన చేతికి రావాలి. నాన్నగారి ఊపిరి ఆగిన క్షణంలోనే ఆమె తన వాటాకు యజమానురాలైంది. అన్నదమ్ములు ‘ఇస్తే’ వచ్చేది కాదు అది. ఖురాన్‌లోని సూరా నిసా (నిసా అధ్యాయం) 7వ ఆయతులో (వచనంలో) పురుషులకూ వాటా ఉంది, స్త్రీలకూ వాటా ఉంది, ఆస్తి కొంచెమైనా ఎక్కువైనా అది నిర్ణయమైన వాటా అని ఉంది. 11వ ఆయతు చివర అది అల్లాహ్ తరఫున విధి అని ఉంది.

ఆ ఆయతు దిగిన సందర్భాన్ని కూడా మీ అన్నగారికి చెప్పండి. ఉహుద్ యుద్ధంలో సఅద్ బిన్ రబీ (రజి) షహీదు అయినప్పుడు ఆయన సోదరుడు ఆస్తినంతా తీసేసుకున్నాడు. ఆయన భార్య ఇద్దరు ఆడపిల్లలను వెంటబెట్టుకుని ప్రవక్త (స) వద్దకు వచ్చి, చేతిలో ఏమీ లేకపోతే ఈ పిల్లలకు పెళ్ళి ఎలా అవుతుందని మొరపెట్టుకుంది. ఆయతు దిగిన తర్వాత ఆయన ఆ పిల్లల బాబాయిని పిలిపించి, ఆడపిల్లలకు మూడింట రెండు వంతులు, వాళ్ళ తల్లికి ఎనిమిదో వంతు ఇచ్చి మిగిలింది నువ్వు తీసుకో అన్నారు. ఆ తల్లీపిల్లలను ఎవరూ ‘మాఫ్ చేస్తారా’ అని అడగలేదు.

నేను చేయించే పద్ధతి ఒకటే: ముందు వాటా చేతిలో పెట్టించడం, ఆ తర్వాత ఇష్టమైతే ఆమె ఎవరికైనా ఇచ్చుకోవడం. కొన్నేళ్ళ క్రితం ఒక ఇంట్లో, చెల్లెలు వద్దంటోందని అన్నదమ్ములు పట్టుపడుతుంటే, సరే వద్దనే అననివ్వండి, ఆరు లక్షల డీడీ ఆమె పేరున తీసి చేతిలో పెట్టండి అన్నాను. పెట్టారు. ఆమె ఆ కాగితాన్ని చాలాసేపు అలాగే పట్టుకుని, తన పేరు రాసి ఉన్నచోట వేలితో తడిమింది. మరుసటి వారం అందులోంచి లక్ష తీసి పెద్దన్న కూతురి పెళ్ళికి ఇచ్చింది, మిగిలిన ఐదు లక్షలు ఉంచుకుంది. ఆ లక్ష హలాలు. అంతకుముందు ఆమె పలికిన ‘వద్దు’ను పట్టుకుని అన్నదమ్ములు ఆరు లక్షలూ ఉంచుకుని ఉంటే అది హలాలు అయ్యేది కాదు.

జహేజ్ వాటాలోకి జమ అవుతుందనే మాటకు షరీఅత్‌లో ఆధారం లేదు. తండ్రి బతికి ఉండగా కూతురికి ఇచ్చింది కానుక. అది ఆయన ఆస్తిలోంచి అప్పుడే వెళ్ళిపోయింది. దాన్ని లెక్కలోకి తేవాలంటే మీ వీసాకు నాన్నగారు పెట్టిన సొమ్మును, అన్నగారికి దుకాణం పెట్టించిన ఖర్చును, మీ ఇద్దరి వలీమాలను (పెళ్ళివిందులను) కూడా తేవాలి. చెల్లెలి ఖాతా తెరిచి తమ్ముడి ఖాతా మూయడం న్యాయం కాదు. చట్టం కూడా ఈ విషయంలో వేరుగా చెప్పదు. 1937 షరీఅత్ అన్వయ చట్టంలో మొదట వ్యవసాయ భూమికి మినహాయింపు ఉండేది. 1949లో మద్రాసు రాష్ట్రం చేసిన సవరణతో ఆ మినహాయింపు పోయింది, రాయలసీమ అప్పటికి మద్రాసులోనే ఉండేది. కాబట్టి పొలంలో ఆడపిల్లకు వాటా లేదని ఊళ్ళో ఎవరైనా అంటే పట్టించుకోకండి.

అన్నగారు చెబుతున్న హిబాకు వద్దాం. నోటిమాటతో హిబా కుదురుతుంది, ఇందులో సందేహం లేదు. ఆంధ్ర నుంచి వెళ్ళిన ఒక కేసులో 2011లో సుప్రీంకోర్టు కూడా ముస్లిం హిబాను కాగితం మీద రాసుకున్నంత మాత్రాన రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని చెప్పింది. అయితే మూడు షరతులు ఉన్నాయి: ఇస్తున్నానని ప్రకటించాలి, పుచ్చుకున్నవారు ఒప్పుకోవాలి, స్వాధీనం అప్పగించాలి. మూడోది లేకపోతే అది హిబా కాదు, ఇవ్వాలన్న కోరిక మాత్రమే. మీరు రాసినదాన్ని బట్టి నాన్నగారు చివరిదాకా కింది అంతస్తులోనే ఉన్నారు, తన సామాను అక్కడే ఉంది, ముందున్న అంగడి గది బాడుగ నెలనెలా ఆయనే తీసుకున్నారు, ఇంటిపన్ను రసీదు ఆయన పేరునే ఉంది. ఫిఖ్ ప్రకారం ఇది అప్పగింత కాదు. న్యాయస్థానాలు కొంత వెసులుబాటు ఇస్తాయి; తండ్రీ కొడుకూ ఒకే ఇంట్లో ఉంటే తండ్రి బయటకు వెళ్ళాల్సిన పని లేదంటాయి, కానీ యాజమాన్యం చేతులు మారిందని చూపే పని ఏదో ఒకటి జరిగి ఉండాలని అవి కూడా అడుగుతాయి. దస్తావేజులు చేతికి ఇచ్చారా, బాడుగ కొడుకు తీసుకోవడం మొదలుపెట్టాడా, పన్ను పేరు మారిందా? ఇవేవీ లేవు.

ఇంకో రెండు మాటలు. పక్షవాతం వచ్చిన తర్వాత, ఆ జబ్బుతోనే పోయిన ఆ మూడు నెలల్లో ఇచ్చానన్నారంటే అది వసియ్యత్ (వీలునామా) లెక్కలోకి వస్తుంది, వారసుడికి వసియ్యత్ మిగతా వారసులు ఒప్పుకుంటే తప్ప చెల్లదు. ఒకవేళ ఆరోగ్యంగా ఉన్నప్పుడే నిజంగా ఇచ్చి ఉన్నా, ఒక కొడుక్కే ఇచ్చి మిగిలినవారిని వదిలేయడం గురించి నుఅమాన్ బిన్ బషీర్ (రజి) తండ్రితో ప్రవక్త (స) అన్నది గుర్తుండాలి: నీ పిల్లలందరికీ ఇలాగే ఇచ్చావా అని అడిగి, లేదంటే, అల్లాహ్‌కు భయపడు, పిల్లల మధ్య న్యాయంగా ఉండు అన్నారు. మీ అన్నగారు అబద్ధం చెబుతున్నారని నేను అనడం లేదు. ‘ఈ ఇల్లు నీదేరా’ అని తండ్రి ప్రేమగా అన్న మాటను ఆయన నిజంగానే హిబాగా నమ్మి ఉండవచ్చు. ఇలాంటివి చాలా చూశాను. మాట్లాడేటప్పుడు ఆ మర్యాద ఆయనకు ఇవ్వండి.

పై అంతస్తు మీ డబ్బుతో కట్టారు కాబట్టి మీ వంతు కూడా అడుగుతాను, కోపగించుకోకండి. ఆ డబ్బు పంపేటప్పుడు నాన్నగారితో ఏమన్నారు? ‘అబ్బా, ఇల్లు పెద్దది చేసుకోండి’ అని పంపి ఉంటే అది ఆయనకు కానుక, అందరితో పంచుకోవాలి. అప్పుగా ఇచ్చి ఉంటే ఆస్తిలోంచి ముందు మీ అప్పు తీర్చాలి. ‘నా కోసం మీ ఇంటి మీద కట్టుకుంటాను’ అని చెప్పి ఆయన అనుమతితో కట్టి ఉంటే కట్టడం విలువ మీది, కింది నేల అందరిది. చాలా ఇళ్ళలో ఈ మూడింటిలో ఏదో ఎవరూ అనుకోరు, బ్యాంకులో డబ్బు వేసి ఫోన్ పెట్టేస్తారు. మీకు స్పష్టంగా గుర్తు లేకపోతే కానుకగా లెక్కించడమే మీ దీన్‌కు క్షేమం.

పంపకానికి ముందు తీయవలసినవి ఉన్నాయి. కఫన్, దఫన్ (శవవస్త్రం, ఖననం) ఖర్చు మొదటిది. తర్వాత అప్పులు. వీటిలో మనవాళ్ళు మరిచిపోయేది మెహర్ (పెళ్ళికి భర్త భార్యకు ఇవ్వాల్సిన సొమ్ము). మీ అమ్మగారి నికాహ్‌నామాలో ఐదు తులాల బంగారం మెహర్ అని ఉందని, అది ఇచ్చిన గుర్తు లేదని రాశారు. అది నాన్నగారి మీద బాకీ. ఐదు తులాల బంగారమే ఇవ్వాలి, ఆనాటి ధర కట్టి చేతులు దులుపుకోకూడదు. జనాజా (పాడె) లేపే ముందు భార్యను పిలిచి మెహర్ మాఫ్ చేయించే ఆచారం మన దగ్గర ఉంది. మెహర్ అప్పు కనుక మాఫ్ చేసే వీలు ఆమెకు ఉంది, కానీ నిసా 4వ ఆయతు అది ఆమె సంతోషంతో వదిలినదై ఉండాలంటుంది. భర్త శవం పక్కన అడిగించిన మాటను సంతోషం అనలేం. ఆమెను ఇప్పుడు తీరిగ్గా, ఒంటరిగా అడగండి. అప్పుల తర్వాత వసియ్యత్ ఉంటే మూడో వంతు లోపల. మీ నాన్నగారు ఏమీ చేయలేదన్నారు.

మిగిలినదాన్ని ఎనిమిది భాగాలు చేయండి. భార్యకు ఎనిమిదో వంతు, అంటే ఒక భాగం. మిగిలిన ఏడు భాగాల్లో కొడుక్కి రెండు చొప్పున నాలుగు, కూతురికి ఒకటి చొప్పున మూడు. నాన్నగారి తల్లిదండ్రులు అప్పటికే లేరని రాశారు కాబట్టి లెక్క ఇంత తేలిగ్గా వచ్చింది.

ఇప్పుడు పెద్దక్క భాగం. ఆమె నాన్నగారి తర్వాత పోయారు కనుక ఆ భాగం ఆమెదే అయింది, ఆమె నుంచి ఆమె వారసులకు వెళ్తుంది: భర్తకు నాలుగో వంతు, తల్లికి, అంటే మీ అమ్మగారికి, ఆరో వంతు, మిగిలింది కొడుక్కీ కూతురికీ రెండుకు ఒకటి చొప్పున. మీరూ మీ అన్నగారూ ఆమె ఆస్తిలో వారసులు కారు, ఆమెకు కొడుకు ఉన్నాడు కాబట్టి. మొత్తం ఆస్తిని 288 భాగాలు చేస్తే అమ్మగారికి 42, మీకూ అన్నగారికీ చెరి 72, ఉన్న ఇద్దరు అక్కచెల్లెళ్ళకు చెరి 36, బావగారికి 9, మేనల్లుడికి 14, మేనకోడలికి 7 వస్తాయి. అప్పులు పోను 72 లక్షలు మిగిలిందనుకోండి: అమ్మగారికి పదిన్నర లక్షలు, మీ ఇద్దరికీ చెరి 18 లక్షలు, అక్కచెల్లెళ్ళకు చెరి 9 లక్షలు, బావగారికి 2,25,000, మేనల్లుడికి 3,50,000, మేనకోడలికి 1,75,000.

ఆ ఇద్దరు పిల్లల వాటాను మాఫ్ చేసే అధికారం భూమ్మీద ఎవరికీ లేదు. వాళ్ళు మైనర్లు కనుక వాళ్ళు చేయలేరు. వాళ్ళ తండ్రి సంరక్షకుడే గాని ఆ సొమ్మును ధర్మం చేయడానికి యజమాని కాడు. అనాథల సొమ్ము తినేవాళ్ళు కడుపులో నిప్పు నింపుకుంటున్నారన్న నిసా 10వ ఆయతు తండ్రి లేని పిల్లల గురించి, ఈ పిల్లలకు తండ్రి ఉన్నాడు. అయినా మైనరు సొమ్ము విషయంలో హుకుం మారదు. మీ అన్నగారు మిగతా ఏ విషయంలో వాదించినా ఈ ఒక్క చోట వాదన నిలవదు, కాబట్టి మాటలు ఇక్కడి నుంచే మొదలుపెట్టమని నా సలహా.

బ్యాంకు డిపాజిట్‌కు అన్నగారు నామినీ అయినంత మాత్రాన అది ఆయనది కాదు. నామినీ డబ్బు అందుకునే వ్యక్తి మాత్రమేనని, వారసుల హక్కు అలాగే ఉంటుందని 2010లో సుప్రీంకోర్టు బ్యాంకు ఖాతా విషయంలోనే చెప్పింది. అసలును పంచుకోండి, వడ్డీని వాటాల్లో కలపకుండా, పుణ్యం ఆశించకుండా, అవసరంలో ఉన్న పేదవారికి ఇచ్చేయండి. అంగడి గది బాడుగ నెలకు ఆరువేలన్నారు, రెండేళ్ళకు 1,44,000. ఇది కూడా అందరిది. ఎనిమిదో వంతు చొప్పున ఒక్కో చెల్లెలికి 18,000 అవుతుంది. ఈ లెక్క అడిగేవాళ్ళు అరుదు, ఇచ్చేవాళ్ళు ఇంకా అరుదు.

నాన్నగారి నమాజుల గురించి. పక్షవాతంలో ఆయన తలతో సైగ చేయగల స్థితిలో ఉండి చేయకపోతే ఆ నమాజులు బాకీ ఉన్నట్టు. స్పృహ లేకుండా, లేదా తల కూడా కదపలేని స్థితిలో ఒక పగలూ రాత్రీ దాటి ఉన్న కాలానికి బాకీ లేదు. కాబట్టి దగ్గర ఉండి సేవ చేసినవారిని, బహుశా అమ్మగారిని, అడిగి రోజులు తేల్చుకోండి. వితర్ (రాత్రి అదనంగా చేసే నమాజు) కలిపి రోజుకు ఆరు. ఒక్కో నమాజుకు రంజాన్ ఫిత్రా దానమంత, అంటే సుమారు 1.6 కిలోల గోధుమలు లేదా వాటి విలువ ఫిద్యాగా (తప్పిన ఆరాధనకు పరిహారంగా) పేదలకు ఇవ్వాలి. తొంభై రోజులూ బాకీ అనుకుంటే 540 నమాజులు, 864 కిలోలు; కిలో 35 రూపాయల చొప్పున 30,240. అయితే ఆయన వసియ్యత్ చేయలేదు కనుక ఇది వారసుల మీద విధి కాదు, ఇష్టపడిన పెద్దవారు తమ తమ వాటాల నుంచి ఇస్తే అల్లాహ్ స్వీకరిస్తాడని ఆశ. అహ్లె హదీసు పండితులు నమాజుకు ఫిద్యా లేదంటారు. మీ ఇంట్లో ఆ అభిప్రాయం ఉన్నవారిని బలవంతపెట్టకండి. పంపకం కాని ఆస్తి నుంచి మాత్రం ఫిద్యా గానీ, చెహ్లుం (నలభయ్యో రోజు) భోజనాలు గానీ, బర్సీ (సంవత్సరీకం) గానీ చేయకూడదు, ఇప్పుడు అందులో మైనర్ల పాలు ఉంది.

అమలు ఎలా అంటారా? అన్నగారితో ఫోన్‌లో వాదనకు దిగకండి. ఆస్తుల జాబితా, వారసుల జాబితా, మరణాల తేదీలు ఒక కాగితం మీద రాసి, హైదరాబాద్ జామియా నిజామియా వంటి చోట దారుల్ ఇఫ్తాకు (ఫత్వాలిచ్చే విభాగానికి) పంపి లిఖితంగా ఫత్వా (ధర్మ నిర్ణయం) తెప్పించండి. తమ్ముడు చెప్పినదాన్ని కొట్టిపారేసే అన్న కూడా ముద్ర వేసి వచ్చిన కాగితాన్ని చదువుతాడు. ఇల్లు ముక్కలు చేయనవసరం లేదు. విలువ కట్టించి, ఉండదలచినవారు మిగతావారికి డబ్బు ఇవ్వవచ్చు, వాయిదాల మీదైనా సరే, గడువు రాసుకుంటే చాలు. అమ్మగారు బతికినన్నాళ్ళు ఆమె గది కదిలించబోమని అందులోనే రాయించండి. అది ఆమె వాటాకు అదనంగా మీరందరూ ఇచ్చే మాట. మైనర్ల పాలు వాళ్ళ పేరున విడిగా ఉంచాలి, వాళ్ళ స్థిరాస్తి మీద ఏ లావాదేవీ చేయాలన్నా ముందు న్యాయవాదిని కలవండి. పంపకం దస్తావేజును తప్పక రిజిస్టరు చేయించి, పొలానికి పాసుపుస్తకాలు కూడా ఎవరి పేరున వారికి మార్పించండి.

మీరు సెలవు దొరక్క రాలేకపోతే కువైట్‌లోని భారత రాయబార కార్యాలయంలో పవర్ ఆఫ్ అటార్నీ ధ్రువీకరించి పంపండి. అది ఇక్కడికి చేరిన మూడు నెలల లోపల స్టాంపు వేయించుకోవాలి. ఆ పవర్ అన్నగారి పేరున కాకుండా, వాటాలతో సంబంధం లేని నమ్మకస్థుడి పేరున ఇవ్వండి. పెద్దక్క భర్తకు ఈ రోజే ఫోన్ చేసి, పిల్లల వాటా ఉందని, లెక్క కడుతున్నామని మీ నోటితో చెప్పండి.